ఎదుటి పక్షంలో ఉన్న మనిషి

(విశాఖపట్నంలో న్యాయశాస్త్ర విద్యార్థులు, మాజీ సైనికులు పాల్గొన్న సభలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, యూనిఫాం విడిచి మళ్ళీ పుస్తకం పట్టిన మాజీ సైనిక సోదరులకు, లా చదువుతున్న పిల్లలకు నమస్కారం.

విశాఖలో సైనికుడి గురించి మాట్లాడటానికి ఉపోద్ఘాతం అక్కరలేదు. బీచ్ రోడ్డులో నడకకు వెళ్ళేవాళ్ళం రోజూ కురుసుర జలాంతర్గామిని, 1971 యుద్ధ విజయ స్మారకాన్ని చూస్తూనే ఉంటాం. తూర్పు నౌకాదళానికి ఇదే కేంద్రం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి సైన్యంలో చేరినవాళ్ళు సరేసరి. వాళ్ళలో కొందరు పదిహేనేళ్ళ సర్వీసు ముగించుకుని, లాసెట్ రాసి, నల్ల కోటు వేసుకుని కోర్టులో మా పక్కన కూర్చుంటున్నారు. సైనికుడు లాయరైతే ఎలా ఉంటుందో నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగినప్పుడు నా మనసులోకి మొదట వచ్చిన పేరు సర్ టాస్కర్ వాట్కిన్స్. వేల్స్ దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్, అంటే బ్రిటిష్ సైన్యపు అత్యున్నత శౌర్య పతకం, పొందాడు. తర్వాత బారిస్టర్ అయ్యాడు. హైకోర్టు జడ్జి అయ్యాడు. ఆ పైన ఇంకా ఎదిగాడు.

మనల్ని ఏలినవాళ్ళ సైన్యంలో పోరాడినవాడి కథ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం ఊరు ఖాళీ చేసి పల్లెలకు పారిపోయిన సంగతి మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. ఇక వాట్కిన్స్ ఫ్రాన్స్‌లో పోరాడిన 1944లోనే ఇటలీలో మనవాళ్ళు కూడా అదే పతకం సంపాదించారు. పంజాబ్ రెజిమెంటుకు చెందిన కమల్ రామ్‌కు అప్పటికి పందొమ్మిదేళ్ళు. మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన యశ్వంత్ ఘాడ్గే ఒంటరిగా మెషిన్‌గన్ గుంట మీదికి దూకి, దాన్ని గెలిచి, అక్కడే ప్రాణం వదిలాడు. ఆ పతకాన్ని ఎవరు ఇచ్చారన్నది ఒక ప్రశ్న. దాన్ని పొందిన మనిషి తర్వాత తన జీవితాన్ని ఏం చేసుకున్నాడన్నది వేరే ప్రశ్న. ఘాడ్గేకు ఆ రెండో ప్రశ్న ఎదుర్కొనే అవకాశమే రాలేదు. వాట్కిన్స్‌కు అరవై మూడేళ్ళు దొరికాయి. నేను మాట్లాడదలచుకున్నది ఆ అరవై మూడేళ్ళ గురించి.

1918 నవంబర్ 18న సౌత్ వేల్స్ బొగ్గు గనుల ప్రాంతంలో, నెల్సన్ అనే చిన్న ఊళ్ళో ఆయన పుట్టాడు. సామాన్య కుటుంబం. స్కాలర్‌షిప్ మీద పాంటిప్రిడ్ గ్రామర్ స్కూల్లో చేరాడు. 1939లో యుద్ధం మొదలయ్యాక మామూలు సిపాయిగా సైన్యంలోకి వెళ్ళాడు. 1941లో వెల్ష్ రెజిమెంటులో అధికారి అయ్యాడు, అదే ఏడాది పెళ్ళి చేసుకున్నాడు. బాల్యం గురించి ఇంతకంటే సాగదీయను. మనం నేరుగా 1944 ఆగస్టు 16 సాయంత్రానికి వెళదాం.

నార్మండీలో ఫలేజ్ అనే పట్టణం ఉంది. అక్కడ జర్మన్ సేనలను చుట్టుముట్టే పని జరుగుతోంది. వాట్కిన్స్ బెటాలియన్‌కు బాఫూర్ దగ్గరి రైలు మార్గం స్వాధీనం చేసుకోమని ఆజ్ఞ వచ్చింది. దారిలో కోతకొచ్చిన గోధుమ పొలాలు. చేను ఏపుగా ఉంది, లోపల మందుపాతరలు అమర్చి ఉన్నాయి, చేలోనే మెషిన్‌గన్లు పొంచి ఉన్నాయి. ఇంకా చీకటి పడలేదు. అంటే అడుగు వేసిన ప్రతివాడూ శత్రువుకు స్పష్టంగా కనిపిస్తాడు. కాల్పులు మొదలయ్యాయి. మనుషులు వరసగా కూలిపోయారు. కంపెనీలో నిలబడిన అధికారి వాట్కిన్స్ ఒక్కడే. వయసు ఇరవై అయిదు.

తన మనుషులకు ముందు నిలబడి, ఎదురుకాల్పుల్లోనే పరిగెత్తి, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు మెషిన్‌గన్ స్థావరాలను చేతిలోని స్టెన్ గన్‌తో అణచివేశాడు. అనుకున్న చోటుకు చేరేసరికి ట్యాంకులను కూల్చే ఫిరంగి దగ్గర ఒక జర్మన్ సైనికుడు ఉన్నాడు. సరిగ్గా అప్పుడే స్టెన్ గన్ మొరాయించింది. దాన్ని ఆ సైనికుడి ముఖం మీదికి విసిరి, అతను తేరుకునేలోపు పిస్తోలుతో కాల్చాడు. ఈ ఒక్క క్షణాన్ని మీరు గుర్తుపెట్టుకోండి. దూరం నుంచి కాల్చిన తూటా కాదది. చంపినవాడూ చచ్చినవాడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పటికి కంపెనీలో మిగిలింది ముప్ఫై మంది. వాళ్ళ మీదికి యాభై మంది ఎదురుదాడికి వచ్చారు. వాట్కిన్స్ కాల్పులు నడిపించి, ఆపైన బయొనెట్లతో దాడికి తానే ముందు నడిచాడు. ఆ ఎదురుదాడి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఈలోగా చీకటి పడింది. బెటాలియన్‌కు వెనక్కి రమ్మని ఉత్తర్వు వచ్చింది, కానీ వీళ్ళ వైర్‌లెస్ సెట్టు ధ్వంసమైపోవడంతో ఆ మాట వీళ్ళకు చేరలేదు. చుట్టూ శత్రువులు, మధ్యలో ఈ కొద్దిమంది. తిరిగి ఆ చేల గుండానే తిప్పుకుని తీసుకొస్తుంటే ఒక శత్రు స్థావరం నుంచి దగ్గర్లోనే సవాలు వినిపించింది. తనవాళ్ళను చెదిరిపొమ్మని చెప్పి, తానొక్కడే బ్రెన్ గన్ పట్టుకుని ఆ స్థావరం మీదికి వెళ్ళి దాని నోరు మూయించాడు. మిగిలినవాళ్ళను బెటాలియన్ కార్యాలయానికి చేర్చాడు. ఆ ఏడాది నవంబర్ 2న విక్టోరియా క్రాస్ ప్రకటించారు. అంతకు ముందే అక్టోబర్‌లో హాలండ్ పోరులో గాయపడి ఇంటికి చేరుకున్నాడు.

మాజీ సైనిక సోదరులు తలలు ఊపుతున్నారు. వాళ్ళకు ఇందులో కొత్తేమీ లేదు. పిల్లలు మాత్రం సినిమా చూసినట్టు వింటున్నారు. వాట్కిన్స్‌కైతే ఈ కథ చెప్పడమంటే ఇష్టం ఉండేది కాదు. జీవితం చివరి భాగంలో, ఎనభై దాటాక, ఎవరో గట్టిగా అడిగితే కొంచెం నోరు విప్పాడు. అది సైనికుడి జీవితంలో మరో రోజు మాత్రమే, పక్కవాళ్ళను కాపాడుకోవడానికి చేయవలసింది చేశాను, వాళ్ళూ నన్ను అలాగే కాపాడారు అన్నాడు. మర్నాడు లేచేసరికి తాను మెరుగైన మనిషినీ కాలేదట, ఎక్కువ ధైర్యవంతుణ్ణీ కాలేదట, మారిన మనిషిని మాత్రం అయ్యానన్నాడు. ఒక్క రోజులో ఏ మనిషీ చూడకూడనంత చావు చూశాననీ, ఆ భయంకరమైన పనిలో తానూ ఒకణ్ణనీ దాచుకోకుండా చెప్పాడు. అప్పటి నుంచి తోటి మనుషుల పట్ల మరింత ఆదరంతో ఉండటానికి ప్రయత్నించాననీ, ఆ తోటి మనుషుల్లో ఎదుటి పక్షంవాడు కూడా ఎప్పుడూ ఉంటాడనీ అన్నాడు. యుద్ధంలోనైనా, ఆటలోనైనా, జీవితంలోనైనా.

నేను ఈ మాట చదివినప్పటి నుంచి ఆయన చేసిన న్యాయవాద వృత్తినీ, ఇచ్చిన తీర్పులనూ ఈ మాట పక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకున్నాను. యుద్ధం ఆయనకు నేర్పింది ధైర్యం అని అందరూ అంటారు. నేనలా అనుకోను. ధైర్యం ఆయన దగ్గర ముందే ఉంది, లేకపోతే ఆ చేలోకి దిగేవాడే కాదు. యుద్ధం నేర్పింది ఎదుటి పక్షంవాడి ముఖం చూడటం. మన వృత్తికి అంతకంటే పనికొచ్చే పాఠం నాకు కనిపించదు. ఎందుకంటే కోర్టులో మన పని మొత్తం ఎదుటి పక్షంతోనే. సాక్షిని బోనులో నిలబెట్టి క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తున్నప్పుడు, వాయిదా కోరిన అవతలి ప్లీడరు ఇంట్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్నారని తెలిసినప్పుడు, గొలుసులతో తెచ్చిన ముద్దాయి జడ్జి వైపు తలెత్తి చూసినప్పుడు, మనం ఏం చేస్తామన్నదే మన వృత్తి.

యుద్ధం ముగిశాక మేజర్ హోదాతో సైన్యం విడిచి, 1948లో లండన్‌లో మిడిల్ టెంపుల్ అనే న్యాయవాదుల సంస్థ నుంచి బారిస్టర్ అయ్యాడు. మన సోదరుల్లో చాలామంది ఇప్పుడు చేస్తున్న పనే అది: తోటివాళ్ళు ఉద్యోగాల్లో స్థిరపడే వయసులో మొదటి పేజీ నుంచి చదువు మొదలుపెట్టడం. ప్రాక్టీసు వేల్స్‌లోనే, తన ఊళ్ళ మనుషుల మధ్య సాగింది. 1960 నుంచి పదకొండేళ్ళు మానసిక రోగుల విషయాలు చూసే ట్రిబ్యునల్‌కు వేల్స్‌లో అధ్యక్షుడిగా ఉన్నాడు. ఇష్టం లేకుండా ఆస్పత్రిలో ఉంచినవాళ్ళు తమను విడుదల చేయమని మొరపెట్టుకునే చోటు అది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పేరు రాని పని. 1965లో క్వీన్స్ కౌన్సిల్ అయ్యాడు, అంటే మన దగ్గర సీనియర్ అడ్వకేటు హోదా లాంటిది.

మరుసటి ఏడాది అబర్‌ఫాన్.

ఈ పేరు మీలో ఎంతమంది విన్నారో నాకు తెలియదు. ప్రతి లా విద్యార్థీ వినవలసిన పేరు. నెల్సన్‌కు దగ్గర్లోనే ఉన్న గని పల్లె అది. కొండ మీద బొగ్గు గని వ్యర్థాలను గుట్టలుగా పోసేవారు. ఏడో నంబరు గుట్టను 1958లో నీటి ఊట మీద మొదలుపెట్టారు. ఆ ఊట మ్యాపుల్లో ఉంది. బడి వెనక ఈ బురద పోయడం ప్రమాదమని 1963లోనే స్థానిక సంస్థ ఇంజనీరు లేఖ రాశాడు. ఎవరూ కదల్లేదు. 1966 అక్టోబర్ 21 ఉదయం తొమ్మిదింపావు ప్రాంతంలో, పిల్లలు బడిలో పాఠాలకు కూర్చున్న వేళ, ఆ గుట్ట జారి పాంట్‌గ్లాస్ పాఠశాల మీద, పక్క ఇళ్ళ మీద పడింది. 144 మంది చనిపోయారు. వాళ్ళలో 116 మంది పిల్లలు. మరణ విచారణలో, మరణకారణం చదువుతుంటే, ఒక తండ్రి లేచి నిలబడి జాతీయ బొగ్గు బోర్డు సజీవంగా పాతిపెట్టిందని రాయమన్నాడు.

2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ విషవాయువు లీకైనప్పుడు వెంకటాపురం ఏం చూసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. రోడ్ల పక్కన పడిపోయిన మనుషులను, పశువులను ఈ ఊరు చూసింది. అందుకే అబర్‌ఫాన్ మనకు దూరపు ఊరిలా అనిపించదు.

అబర్‌ఫాన్ మీద వేసిన విచారణ సంఘం ముందు అటార్నీ జనరల్‌కు డిప్యూటీగా నిలబడిన న్యాయవాది టాస్కర్ వాట్కిన్స్. 76 రోజులు విచారణ సాగింది, 136 మంది సాక్షులు మాట్లాడారు. ఒకవైపు పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు, రెండోవైపు ప్రభుత్వ రంగంలో మహా బలంగా ఉన్న బొగ్గు బోర్డు. ఊట సంగతి ఎవరికీ తెలియదన్న వాదన మొదట్లో బోర్డు అధ్యక్షుడే చేశాడు. విచారణ ముగింపుకొచ్చేసరికి ఆయనే వచ్చి తప్పు బోర్డుదేనని ఒప్పుకోవలసి వచ్చింది. 1967లో వెలువడిన నివేదిక నింద మొత్తం బోర్డు మీద పెట్టింది. అయితే ఆ నివేదికలో నన్ను ఆపేసిన విషయం మరొకటి ఉంది. బాధ్యులైనవాళ్ళను అది దుర్మార్గులని అనలేదు. అజ్ఞానం, అసమర్థత, ఒకరి మాట మరొకరికి చేరకపోవడం, ఇవే కారణాలని తేల్చింది. కోపంతో రగులుతున్న దేశంలో ఆ మాట రాయడానికి నిబ్బరం కావాలి. తప్పును తప్పుగా, పేర్లతో సహా రాస్తూనే, చేసినవాడిని రాక్షసుడిగా చిత్రించకపోవడం.

దీంతో నాకు తృప్తి కలిగిందని అనుకోకండి. ఒక్క అధికారి మీద కేసు నడవలేదు, ఒక్కడి ఉద్యోగం పోలేదు. పైగా మిగిలిన గుట్టలు తొలగించడానికి, లోకం అంతా బాధితుల కోసం పంపిన విరాళాల నిధి నుంచే ప్రభుత్వం లక్షా యాభై వేల పౌండ్లు తీసుకుంది. ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి 1997 దాకా ఆగారు. విచారణ ఎంత బాగా జరిగినా, నివేదిక తర్వాత ఏం జరుగుతుందో చూసుకునేవాడు లేకపోతే బాధితుడికి మిగిలేది కాగితమే. వెంకటాపురం విషయంలో మీలో ఎవరైనా పని చేయదలచుకుంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

తర్వాతి మెట్లు త్వరగా చెప్పేస్తాను. 1971లో హైకోర్టు జడ్జి, సర్ బిరుదు. మొదట కుటుంబ వ్యవహారాల విభాగం, 1974 నుంచి క్వీన్స్ బెంచ్. 1980లో అప్పీలు కోర్టు. 1988 నుంచి 1993 దాకా ఇంగ్లండ్ డిప్యూటీ చీఫ్ జస్టిస్. రిటైరయ్యాక పదకొండేళ్ళు వెల్ష్ రగ్బీ యూనియన్ అధ్యక్షుడు. కుర్రతనంలో తానూ రగ్బీ ఆడినవాడే. వేల్స్‌లో రగ్బీ అంటే మన దగ్గర క్రికెట్ కంటే ఎక్కువే, కాబట్టి అక్కడి సామాన్య జనం ఆయన్ను జడ్జిగా కంటే ఆట మనిషిగానే ఎక్కువ ఎరుగుదురు. 2007 సెప్టెంబర్ 9న కన్నుమూశారు. రెండేళ్ళ తర్వాత కార్డిఫ్ స్టేడియం ముందు విగ్రహం నిలిపారు.

ఇప్పుడు తీర్పు దగ్గరికి వస్తాను. ఇది లా పిల్లలు నోట్ చేసుకోవాలి.

1952 నవంబర్‌లో లండన్ దగ్గర క్రోయ్‌డన్‌లో ఇద్దరు కుర్రాళ్ళు ఒక గోదాములో దొంగతనానికి వెళ్ళారు. క్రిస్టఫర్ క్రెయిగ్‌కు పదహారు, డెరెక్ బెంట్లీకి పందొమ్మిది. పోలీసులు వచ్చారు. బెంట్లీ అప్పటికే పోలీసుల చేతికి చిక్కాడు. తర్వాత కొంతసేపటికి క్రెయిగ్ పేల్చిన తూటాకు సిడ్నీ మైల్స్ అనే పోలీసు చనిపోయాడు. కాల్చిన క్రెయిగ్ మైనరు కాబట్టి ఉరి లేదు. కాల్చని బెంట్లీకి ఉరి. జ్యూరీ కనికరం చూపమని సిఫారసు చేసింది. మానసిక ఎదుగుదల తక్కువ ఉన్న కుర్రాడు. అయినా హోం మంత్రి వినలేదు. 1953 జనవరి 28న ఉరి తీశారు.

అతని అక్క ఐరిస్ నలభై ఏళ్ళు పోరాడింది. 1992లో అప్పటి హోం మంత్రి మరణానంతర క్షమాభిక్షకు ఒప్పుకోలేదు. ఐరిస్ కోర్టుకు వెళ్ళింది. 1993 జులైలో తీర్పు చెప్పిన ధర్మాసనానికి అధ్యక్షుడు వాట్కిన్స్. పదవీ విరమణ చేసిన ఏడాదే. క్షమాభిక్ష రాజు ఇష్టమని, అందులో కోర్టుకు చోటు లేదని ఇంగ్లండులో అంతవరకూ నడిచిన మాట. ఆ అధికారం వాడిన తీరును కోర్టు పరిశీలించవచ్చునని ఈ ధర్మాసనం చెప్పింది. న్యాయవ్యవస్థ చేసే పొరపాట్ల మీద ఇదొక రక్షణ అనీ, క్షమాభిక్ష అంటే పూర్తిగా నిర్దోషి అని ప్రకటించడం ఒక్కటే కాదనీ, శిక్ష వరకే క్షమించే మార్గం కూడా ఉందనీ, దాన్ని మంత్రి ఆలోచించలేదనీ చెప్పి, మళ్ళీ చూడమని కోరింది. ఆ నెలలోనే శిక్ష మేరకు క్షమాభిక్ష వచ్చింది. 1998లో అప్పీలు కోర్టు శిక్షే కాదు, నేరనిర్ధారణనూ కొట్టేసింది. ఐరిస్ అప్పటికి ఏడాది క్రితమే చనిపోయింది.

ఆ ధర్మాసనం మీద కూర్చున్న మనిషి ఎవరో గమనించండి. తన చేతులతో మనుషులను చంపినవాడు. దేశం ఆ పనికే పతకం ఇచ్చింది. నలభై ఏళ్ళ క్రితం రాజ్యం ఉరితీసిన ఒక దొంగ కుర్రాడి కాగితాలు ఆయన ముందుకు వచ్చాయి. పాత విషయం, తవ్వి లాభమేమిటని తోసేయడం చాలా తేలిక. ఆయన తోసేయలేదు. అట్లాగని మంత్రి పనిని తానే చేసేయలేదు. ఎంతవరకు వెళ్ళవచ్చో అంతవరకు వెళ్ళి, తలుపు తెరిచి ఆగాడు. ఆ నిగ్రహం నాకు ఆ గోధుమ చేలో చూపిన తెగువ కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఈ విషయంలో మన సుప్రీంకోర్టు ముందే నడిచింది. మన రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతి వాడే క్షమాభిక్ష అధికారానికి న్యాయ సమీక్ష ఉంటుందని 1988లో కేహర్ సింగ్ కేసులో చెప్పింది. 2006లో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఏపూరు సుధాకర్ కేసులో, 161వ అధికరణం కింద గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపును కొట్టేసింది. బెంట్లీ తీర్పును ఈ రెండింటితో కలిపి చదవండి. ఒకచోట కోర్టు కనికరం చూపమని తలుపు తెరిచింది, మరోచోట చేతికొచ్చినట్టు చూపిన కనికరానికి అడ్డం పడింది. సూత్రం ఒకటే.

చివరగా మాజీ సైనిక సోదరులకు ఒక పని మాట. 2007 చట్టంతో మనకు సాయుధ దళాల ట్రిబ్యునల్ వచ్చింది. 2009 నుంచి పని చేస్తోంది. దాని ధర్మాసనంలో ఒక న్యాయ సభ్యుడు, సైన్యంలో పెద్ద హోదాలో చేసి రిటైరైన ఒక అధికారి పక్కపక్కన కూర్చుంటారు. వాట్కిన్స్ ఒక్కడిలో ఉన్న ఇద్దరు మనుషులను మన చట్టం రెండు కుర్చీల్లో కూర్చోబెట్టింది. అక్కడికి వెళ్ళే కేసుల్లో వైకల్య పెన్షన్ కేసులు చాలా ఉంటాయి. సర్వీసులో చేరినప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని రాసుకుని, బయటికి పంపేటప్పుడు జబ్బు సర్వీసు వల్ల రాలేదని రాసేస్తారు. చేరేనాటి రికార్డులో జబ్బు నమోదై లేకపోతే అది సర్వీసు వల్ల వచ్చినట్టే భావించాలని, కాదని రుజువు చేసే భారం సైన్యానిదేనని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో తేల్చింది. ఈ ముక్క తెలియక, మొదటి తిరస్కరణ లేఖతోనే ఇంట్లో కూర్చున్న జవాన్లు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఉన్నారు. మెడికల్ బోర్డు కాగితం చదివి అర్థం చేసుకోగలవాళ్ళు మీరు. నల్ల కోటు వేసుకున్న ప్లీడర్లలో ఎక్కువమందికి ఆ భాష తెలియదు. ఆ అవతల సంతకం పెట్టిన డాక్టరు, ఆ ఫైలు తిప్పిన క్లర్కు కూడా మీలాంటి యూనిఫాం మనుషులే, వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో మీకే తెలుస్తుంది.

లా పిల్లలు ఇద్దరు, సర్వీసు చేసినవాళ్ళు ఇద్దరు కలిసి ఒక జట్టుగా కూర్చుంటే వారానికి ఒక పూటలో ఇలాంటి ఫైళ్ళు చదివి దరఖాస్తులు రాయవచ్చు. ఆసక్తి ఉన్నవాళ్ళు టీ తాగేటప్పుడు నా దగ్గరికి రండి. తిరస్కరణ లేఖ, సర్వీసు పుస్తకం, మెడికల్ బోర్డు నకలు, ఈ మూడూ ఉన్నవాళ్ళను ముందుగా తీసుకురండి. నమస్కారం.